సగటు మట్టి

చింతమానుకుంట పుష్ప పరిశోధనా స్థానంలో దేవుడి గది లేదు గాని, చెప్పులు విడిచి వెళ్ళాల్సిన చోటు ఒకటి ఉండేది. అది కనకాంబరాల తల్లిమడి. దాని చుట్టూ ఇనుప కంచె, కంచెకు ఒకటే గేటు, గేటు ముందు బ్లీచింగ్ నీళ్ళ తొట్టి. ఆ తొట్టిలో కాళ్ళు ముంచకుండా లోపలికి అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ చిదంబరయ్య కట్టుకున్న భార్యను కూడా రానివ్వలేదు. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు తడుస్తాయని బయటినుంచే చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వైపు రాలేదు.

ఆయన పట్టింపుకు కారణం ఉంది. ఆ జిల్లాలో అందరూ వేసే ఢిల్లీ కనకాంబరం విత్తనం కట్టదు. కొమ్మ కత్తిరించి నాటుకోవాల్సిందే. తల్లి మొక్కకు రోగముంటే పిల్ల మొక్కలన్నిటికీ రోగమే. అప్పటికే సగం ఊళ్ళ చేలల్లో మట్టికి జాడ్యం పట్టింది. కంటికి కనపడని నులిపురుగులు వేర్లలో దూరి బుడిపెలు కట్టిస్తాయి. ఆ గాయాల్లోంచి ఎండు తెగులు బూజు ఎక్కుతుంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క ఇవాళ తల వాల్చేస్తుంది.

ఈ జాడ్యాన్ని వదిలించే దారులు చిదంబరయ్యకు తెలుసు. ఆయన డాక్టరేటు ఆ నులిపురుగుల మీదే. ఎండాకాలం మట్టిని బాగా తడిపి, పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి, ఆ వేడికి లోపలున్నవి చచ్చేలా చేయడం. ఒక పంట బంతి వేయడం. వేపపిండి వేసి దున్నడం. అన్నిటికన్నా ముఖ్యం, రోగమున్న చేని మట్టిని గోరంత కూడా బాగున్న చేలోకి రానివ్వకపోవడం. ఈ చివరి మాట ఆయన రైతుల సభల్లో బల్ల గుద్ది చెప్పేవాడు. బల్ల గుద్దే ధైర్యం ఆయనకు రైతుల ముందే ఉండేదని తర్వాత తెలిసింది.

రెడ్డెమ్మ ఆ మాట నమ్మింది. ఆమె కనకాంబరాల తోట తెగులుకు తుడిచిపెట్టుకుపోయాక, చిదంబరయ్య చెప్పినట్టే రెండు ఎండాకాలాలు చేనంతా కవరు కప్పింది. మధ్యలో బంతి వేసింది. "రెడ్డెమ్మ మట్టికి దుప్పటి కప్పి పండబెడతాంది" అని ఊళ్ళో నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. మట్టి పరీక్ష చేసి చిదంబరయ్య సంతోషించాడు. తల్లిమడి నుంచి తీసే మొదటి మొక్కలు ఆమెకేనని మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకుని ఆమె చేను ఖాళీగా ఉంచుకుని ఎదురుచూస్తోంది.

అలాంటి సమయంలో ఉద్యాన శాఖకు కొత్త మహాసంచాలకులుగా ప్రభంజనరావు గారు వేంచేశారు. అంతకుముందు ఆయన వేరుశనగ విభాగాన్ని ఏలారు. రాగానే సమీక్షా సమావేశం పెట్టి తెర మీద జిల్లా పటం వేయించారు. కనకాంబరానికి తెగులున్న ఊళ్ళు ఎర్రగా, లేని ఊళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆయన ఆ పటాన్ని బాధతో చూశారు.

"ఇందులో మీకేం కనిపిస్తోంది?" అన్నారు.

"తెగులు సార్" అన్నాడు చిదంబరయ్య.

"నాకు అసమానత కనిపిస్తోంది."

ఆయన లేచి నిలబడ్డారు.

"ఒకే జిల్లా, ఒకే పువ్వు. అయినా ఒక ఊరికి మంచి మట్టి, పక్క ఊరికి చెడ్డ మట్టి. ఇది భూమి స్థాయిలో జరుగుతున్న వివక్ష. మనుషులు కలిశారు, నదులు కలిశాయి. మట్టి మాత్రం ఇంకా ఎవరి చేలో అది పడి ఉంది. తెలివైన పిల్లల మధ్య మొద్దు పిల్లవాణ్ణి కూర్చోబెడితే వాడు బాగుపడడా? అన్ని చేల మట్టినీ ఒకచోట కలిపి, అందరికీ సమానంగా పంచితే జిల్లా సగటు ఆరోగ్యం పెరగదా?"

చప్పట్లు మోగాయి. చిదంబరయ్య చేతులు చప్పట్లకు బయలుదేరి దారిలో ఆగిపోయాయి. గాల్లో ఆగిన చెయ్యి అందరికీ కనపడింది కాబట్టి ఏదో ఒకటి మాట్లాడక తప్పలేదు.

"సార్, పాలలో చుక్క పెరుగు పడితే పాలన్నీ పెరుగవుతాయి గాని, పెరుగు పాలు కాదు సార్."

ప్రభంజనరావు గారు కాసేపు ఆలోచించారు. "పెరుగు ఆరోగ్యానికి మంచిదే కదా?"

"మంచిదే సార్. కాని నేను చెప్పేదేమంటే..."

"రాసుకోండి" అన్నారు ఆయన పక్కనున్న గుమాస్తాతో.

మర్నాడు ఉత్తర్వులు వచ్చాయి. మట్టి కలపడమనేది పాలు పెరుగైనంత సహజమైన ప్రక్రియ అని, ఇది ఆరోగ్యదాయకమని నులిపురుగుల నిపుణులు డాక్టర్ చిదంబరయ్య గారు శాస్త్రీయంగా ధ్రువీకరించి యున్నారని, కావున వారినే 'మృత్తికా సౌభ్రాతృత్వ యజ్ఞం' అను పథకమునకు శాస్త్ర సలహాదారుగా నియమించడమైనదని వాటి సారాంశం. చిదంబరయ్య కోపంతో ఊగిపోతూ రాజీనామా రాద్దామని కూర్చున్నాడు. ఉత్తర్వు ఇంకోసారి చదివాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన పేరు మొదటి పేరాలో రావడం అదే తొలిసారి. చదివిన కొద్దీ అందులో తప్పులు తక్కువగా కనిపించసాగాయి. రాజీనామా కాగితం మీద మట్టి చెంబు ఎంత సైజు ఉండాలో బొమ్మ గీశాడు.

పథకం ఇదీ. ప్రతి పూల రైతూ తన చేని మట్టి ఒక చెంబుడు తేవాలి. పరిశోధనా స్థానంలో దాన్నంతా కలుపుతారు. కలిపిన దానికి 'కల్యాణ మృత్తిక' అని పేరు. దాన్ని పొట్లాలు కట్టి తిరిగి రైతులకే ఇస్తారు. రైతు దాన్ని తన చేను నడిమధ్యలో వేసి ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. పెట్టని రైతుకు శాఖ నుంచి మొక్క కాదు కదా, ఆకు కూడా దక్కదు. తొలి పిడికెడు మాత్రం తల్లిమడిలో ప్రభంజనరావు గారి అమృత హస్తాలతో పడాలి.

ఈ ఆఖరి మాట చదివాక చిదంబరయ్యకు ముద్ద దిగలేదు. వినయంగా విన్నపాలు పంపాడు. రోగం లేని చేల మట్టి మాత్రమే తెప్పిద్దామా అని అడిగితే, రోగమున్న రైతుల మనసు నొచ్చుకొనునని, ఎవ్వరినీ వెలివేయరాదని జవాబు వచ్చింది. పోనీ కలిపిన మట్టిని ఆవిరి పట్టి పంచుదామా అంటే, రైతులు భక్తితో తెచ్చిన మట్టిని ఉడకబెట్టుట మనోభావాలకు సంబంధించిన విషయమైనందున న్యాయశాఖ వారి అభిప్రాయం కోరడమైనదన్నారు. తల్లిమడి ఒక్కదాన్నీ వదిలెయ్యమని వేడుకుంటే, జిల్లా మట్టికి అంటీముట్టనట్టు ఉంటున్న ఏకైక మడి అదేనని, దానికి సౌభ్రాతృత్వం మరీ ఎక్కువ అవసరమని సెలవిచ్చారు.

ఎదురు చెప్పలేనివాడు చాటుగా పనిచేస్తాడు. చిదంబరయ్య తన అటెండరు కుళ్ళాయప్పను పిలిచి, శిక్షణకు వచ్చే రైతుల క్యాంటీన్ నుంచి పెద్ద ఇడ్లీ పాత్ర తెప్పించాడు. ఆఫీసు వెనక కట్టెల పొయ్యి పెట్టించి, ఒక మూటెడు మట్టిని ఆవిరిలో ఉడికించమన్నాడు. తల్లిమడిలో వేయాల్సిన మూట స్థానంలో ఈ ఉడికిన మూట పెట్టేస్తే గండం గట్టెక్కుతుందని ఆయన ఎత్తు.

"నా సర్వీసులో టీ కాచినా, సాంబారు కాచినా. మట్టి ఉడకబెట్టేది ఇదే మొదులు సార్" అన్నాడు కుళ్ళాయప్ప మంట ఎగదోస్తూ. "ఉడికిందా లేదా ఎట్ల తెలుస్తాది? నోట్లో ఏసుకోని చూడల్లనా?"

"నువ్వు నోరు మూసుకుంటే చాలు" అన్నాడు చిదంబరయ్య.

యజ్ఞం రోజు రానే వచ్చింది. జిల్లా నలుమూలల నుంచి రైతులు చెంబులు నెత్తిన పెట్టుకుని దిగారు. ఎండిపోయిన తోటల వాళ్ళు ఎక్కువ శ్రద్ధగా, చెంబు పొంగేలా తెచ్చారు. మట్టి కలపడానికి స్లాబు పోసే కాంక్రీటు మిక్సరు తెప్పించి, దానికి బంతిపూల దండలు వేసి, కుంకుమ బొట్లు పెట్టారు. పురోహితుడు మంత్రం చదువుతుండగా మిక్సరు తిరిగింది. ఎర్ర మట్టి, నల్ల మట్టి, బూజు మట్టి, పురుగు మట్టి అన్నీ ఒకటయ్యాయి. రెడ్డెమ్మ తన చెంబు తెచ్చింది. ఆమె మట్టి అంత శుభ్రమైన మట్టి ఆ మిక్సరులో ఇంకో గరిటెడు లేదు. అది పడిన చప్పుడు కూడా ఎవరికీ వినిపించలేదు.

ప్రభంజనరావు గారి బూట్లు తడవకూడదని, తల్లిమడి గేటు ముందున్న బ్లీచింగ్ తొట్టి మీద చెక్కలు వేసి ఎర్ర కార్పెట్ పరిచారు. షామియానా వాడు ఆ కార్పెట్‌ను ముందురోజు పక్క ఊళ్ళో, ఎండిపోయిన కనకాంబరాల తోట పీకేసిన చోట వేసిన పెళ్ళి పందిట్లో పరిచాడు. దులపడానికి వాడికి తీరిక దొరకలేదు. దాని మీదుగా ప్రభంజనరావు గారు బూట్లతో లోపలికి వచ్చారు. వెనకే పరివారమంతా బూట్లతో వచ్చింది. పక్కన వట్టికాళ్ళతో నడిచింది చిదంబరయ్య ఒక్కడే.

కుళ్ళాయప్ప వెండి పళ్ళెంలో ఉడికిన మట్టి పట్టుకొచ్చాడు. ప్రభంజనరావు గారు పిడికెడు తీసుకుని, కెమెరాల కోసం కళ్ళు మూసుకుని వాసన చూశారు. కళ్ళు తెరిచారు.

"ఏదో ఇడ్లీ వాసన వస్తోందే. ఇది కల్యాణ మృత్తికేనా చిదంబరయ్య గారూ?"

ఉద్యోగంలో చేరిన నాటినుంచి చిదంబరయ్య "అవును సార్" తప్ప మరో మాట ఎరగడు. వాన వస్తుందా అని అడిగితే అవును సార్, రాదు కదా అంటే అవును సార్. రోజూ అనే ఆ మాటే ఇంకొక్కసారి అంటే సరిపోయేది. తల్లిమడి దక్కేది, జిల్లాకు పంచే మొక్కలు దక్కేవి. కాని పక్కన పురోహితుడున్నాడు, కెమెరాలున్నాయి, రేపెవరైనా ఇడ్లీ పాత్ర సంగతి బయటపెడితే ఎంక్వైరీ వస్తుంది. రిటైరవ్వబోయే ముందు ఎంక్వైరీ ఏమిటనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక పై అధికారి ముందు మొట్టమొదటిసారి ఆ మాట మార్చాడు.

"కాదు సార్" అన్నాడు. "కుళ్ళాయప్ప పొరపాటున వేరే మూట తెచ్చాడు. వెళ్ళి అసలుది పట్రా."

కుళ్ళాయప్ప ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, వెళ్ళి అసలుది తెచ్చాడు. ప్రభంజనరావు గారు దాన్ని వాసన చూసి, "ఇదీ మట్టంటే" అని తల్లిమడి నడుమ చల్లారు. పరివారం కూడా తలా ఒక పిడికెడు చల్లింది. మిగిలినది పారబోయడం ఎందుకని మొదళ్ళలో సర్దారు. చిదంబరయ్య చప్పట్లు కొట్టాడు. ఈసారి చేతులు దారిలో ఆగలేదు.

పొట్లాలు పంచాక, కుళాయి దగ్గర రెడ్డెమ్మ ఆయన్ను పట్టుకుంది.

"సార్, ఈ పొట్లం నా చేన్లో ఎయ్యల్లంట. ఎయ్యమంటారా, వద్దంటారా?"

చిదంబరయ్య అటూ ఇటూ చూశాడు. ఫోటోగ్రాఫరు దగ్గర్లోనే ఉన్నాడు. "మార్గదర్శకాల ప్రకారం చేను మధ్యలో వేసి ఫోటో పెట్టాలమ్మా."

"అవన్నీ నాకు తెల్దు సార్. మీరేమంటారని అడుగుతాండా. ఇంకొకరి చేని మట్టి గట్టు దాటనీయొద్దని చెప్పింది మీరే కదా. పక్క చేని ఎద్దులు నా గట్టెక్కినాయని మా మరిదితో కొట్లాట పెట్టుకోని మాటలు లేకుండా చేసుకున్యాను."

"నేను అనేది కూడా మార్గదర్శకాల ప్రకారమే ఉంటుంది."

"ఫోటో పెట్టకపోతే మొక్కలియ్యరంట."

"ఆ నిబంధన కూడా ఉంది."

ఆమె పొట్లాన్ని, ఆయన ముఖాన్ని మార్చి మార్చి చూసింది. "సరే సార్. మీరు చెప్పినారంటే మంచికే చెప్పింటారు" అని పొట్లం కొంగున కట్టుకుంది.

ఆ మాటకు చిదంబరయ్య సిగ్గుపడ్డాడు. నిజంగానే పడ్డాడు. కాని సిగ్గుకు మెమో ఇచ్చే అధికారం లేదు కాబట్టి, పై అధికారి భోజనానికి పిలవగానే వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

వానలు పడ్డాయి. తల్లిమడిలో కల్యాణ మృత్తిక చల్లినచోట మొక్కలు మధ్యాహ్నం పూట తల వాల్చడం మొదలుపెట్టాయి. చిదంబరయ్య ఒకటి పీకి చూశాడు. వేరు నిండా బుడిపెలు. కొమ్మ చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చార. ఆయన ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని మడి గట్టు మీద కూర్చుండిపోయాడు. బతికున్న మనిషికి ఏడవడానికి అది చాలిన కారణమే. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఈ ఏడు మొక్కల పంపిణీ ఆపమని పైకి రాశాడు. లక్ష్యాలు నిర్ణయించబడినవి గనుక పంపిణీ ఆపరాదని, మొక్కలు పూర్తిగా వాలిపోక మునుపే త్వరితగతిన పంచవలెనని జవాబు వచ్చింది. త్వరితగతినే పంచాడు. ఇచ్చిన మాట ప్రకారం మొదటి మొక్కలు రెడ్డెమ్మకే ఇచ్చాడు.

చలికాలంలో ప్రభంజనరావు గారు ఫలితాలు సమీక్షించడానికి విచ్చేశారు. చిదంబరయ్య గుండె చిక్కబట్టుకుని పీకిన మొక్క ఒకటి బల్ల మీద పెట్టాడు. ప్రభంజనరావు గారు వేరు మీద వేలు పెట్టి, "ఇవేమిటి?" అన్నారు.

"వేరు బుడిపెలు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. "వేరుశనగకు వేరు బుడిపెలు రావాలని విభాగంలో ఎన్ని జీవన ఎరువు ప్యాకెట్లు పంచామో మీకు తెలీదు. బుడిపె ఉంటే పంట ఉన్నట్టే. కనకాంబరానికి అవి లేవని నేను ఎప్పుడూ బాధపడేవాణ్ణి. ఇంతకాలానికి వచ్చాయన్నమాట."

"సార్, వేరుశనగ బుడిపెల్లో మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. అది పైరుకు నత్రజని ఇస్తుంది. వీటిలో ఉండేది నులిపురుగు. ఇవి వేరు, అవి వేరు..."

"బుడిపె బుడిపే చిదంబరయ్య గారూ. పంటల మధ్య వివక్ష పాటించకండి."

తెర మీద మళ్ళీ జిల్లా పటం వేశారు. పచ్చ ఊళ్ళు ఒక్కటి కూడా మిగల్లేదు. పటమంతా ఒకే ఎరుపు. ప్రభంజనరావు గారు తృప్తిగా ఊపిరి పీల్చుకుని, ఆ ఎరుపు మాత్రం కళ్ళకు గుచ్చుకుంటోందని, దాని బదులు కనకాంబరం రంగు వేయించారు. తెగులు విషయంలో జిల్లాలో అసమానతలు సమూలంగా తొలగిపోయినవని, పైగా వేరు బుడిపెలు అదనపు లబ్ధిగా సమకూరినవని నివేదిక తయారైంది. శాస్త్ర సలహాదారు సంతకానికి కింద చోటు వదిలారు. చిదంబరయ్య కలం తీసి, తన పేరు పక్కన డాక్టరేటు కూడా పూర్తిగా రాసి, సంతకం పెట్టాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఆ నివేదికకు ఉత్తమ పథకం బహుమతి వచ్చింది. శాస్త్ర సలహాదారుకు పరిశోధనా స్థానం ఆవరణలోనే సన్మానం పెట్టారు. దండ కోసం జిల్లా అంతా వెతికినా మూరెడు కనకాంబరాలు దొరకలేదు. బజారు నుంచి అదే రంగు గుడ్డ పూల దండ తెచ్చారు. ఎండిన తల్లిమడిని చదును చేసి దాని మీదే వేదిక కట్టారు. బ్లీచింగ్ తొట్టిలో కూల్‌డ్రింక్ సీసాలకు ఐసు వేశారు.

లబ్ధిదారు రైతు చేత శాలువా కప్పించాలని పథకంలో ఉంది. పంపిణీ జాబితాలో తొలి పేరు రెడ్డెమ్మది కాబట్టి ఆమెనే కారులో తీసుకొచ్చారు. ఆమె చేతికి శాలువా ఇవ్వబోతే వద్దంది. తన సంచిలోంచి మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు తీసింది. వాడి వాడి మసకబారిన, అంచుల్లో ఇంకా ఎర్రమట్టి అంటుకున్న కవరు. చిదంబరయ్య దాన్ని గుర్తుపట్టాడు. మైకు ఆమె ముందు పెట్టారు.

"ఎండాకాలం తడిపి దీన్ని కప్పితే లోపలుండే చెడంతా చస్తాదని ఈ సారే చెప్పినారు" అంది రెడ్డెమ్మ. గొంతు పెంచలేదు. "నేను రెండేండ్లు కప్పినా. నా మట్టి బాగైంది. మల్ల ఈ సారు చెప్పినారనే పొట్లం ఏసినా. చేను పోయింది, మొక్కలు పోయినాయి. ఇంగ నాకు ఏసేకి పంట లేదు, ఎదురుచూసేకి మొక్క లేదు. రాత్రంతా ఆలోచన చేసినా సామీ. రోగం మట్టిలో లేదు. ఈ కవరు యాడ కప్పల్లనో నాకు ఇప్పుడు తెలిసింది."

కవరు మడత విప్పి, చిదంబరయ్య తల మీదుగా భుజాల దాకా కప్పేసింది. వేదిక దిగి ఇంటిదారి పట్టింది.

సభలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ప్రభంజనరావు గారికే ముందు తోచింది. లేచి చప్పట్లు కొట్టారు. "రైతు తన సొంత పనిముట్టుతో శాస్త్రవేత్తను సత్కరించింది. ఇంతకన్నా సౌభ్రాతృత్వం ఏముంటుంది? తీయకండి చిదంబరయ్య గారూ. ఫోటో అయ్యేదాకా అలాగే ఉండండి."

"అవును సార్" అన్నాడు చిదంబరయ్య కవరు లోపల నుంచి.

ఫోటోగ్రాఫరు వెలుతురు చాలదని ఆయన్ను ఎండలోకి జరిపాడు. పరివారమంతా పక్కన సర్దుకుని నిలబడేసరికి చాలాసేపు పట్టింది. కవరు లోపల ఆవిరి పట్టింది. చెమట ధారలు కట్టి మెడలోని గుడ్డ పూలు తడిసి, రంగు దిగి, తెల్ల చొక్కా మీద కారింది. ఆ వేడిలో ఎంతసేపుంటే నులిపురుగు చస్తుందో ఆయన తన థీసిస్‌లో పట్టిక వేసి మరీ రాశాడు. అంతసేపూ నిలబడ్డాడు. ఫోటో తీశాక ప్రభంజనరావు గారు, వచ్చే ఏడు జిల్లాలోని బావుల నీళ్ళన్నీ కలుపుదామా అని అడిగారు. చిదంబరయ్య కవరు తీయకుండానే తల ఊపాడు.